టేపు పట్టువారిని తూలనాడవలదు

గ్రేట్‌ఫుల్ డెడ్ అను అమెరికా వాద్యబృందము పేరెత్తినంతనే మన పెద్దలలో పలువురు మొగము చిట్లింతురు. గంజాయి, జులపాలు, రంగుల చొక్కాలు, బురదలో చిందులు: ఇంతకు మించి ఆ బృందమును గూర్చి గాని, దాని అభిమానులను గూర్చి గాని వారికి తెలిసినది లేదు, తెలిసికొనవలెనన్న కోరికయు లేదు. తెలియనిదానిని తిట్టుట సులభము. అందుచేతనే గత సంవత్సరము మన సంఘపు కార్యవర్గ సమావేశమున ఒక యువకుడు, శ్రీరామనవమి పందిరిలో జరుగు హరికథలను, పద్యనాటకములను శ్రోతలు రికార్డు చేసికొనుటకు అనుమతింపవలసినదనియు, గ్రేట్‌ఫుల్ డెడ్ వారు అట్లే అనుమతించి బాగుపడిరనియు మనవి చేయగా, మత్తుమందు మూకను మాకు ఆదర్శముగా చూపుచున్నావా యని గద్దించి ఆతనిని కూర్చుండబెట్టిరి. ప్రతిపాదన మినిట్సు పుస్తకమునకైనను ఎక్కలేదు. ముప్పదియారేండ్లు గుమాస్తాగిరి చేసిన నాకు, సభలో పుట్టిన మాట మినిట్సులో లేకుండుట కంటిలో నలుసువలె నున్నది. అందువలన ఆ మాటను ఈ సంచికలో ఎక్కించుచున్నాను.

మొదట మత్తుమందు సంగతియే తేల్చుదము. దానిని దాచుటవలన నాకు ప్రయోజనము లేదు. ఈ బృందము 1965 లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో వార్‌లాక్స్ అను పేరుతో పుట్టినది. ఆ సంవత్సరాంతముననే పేరు మార్చుకొని, కెన్ కీసీ అను నవలాకారుడు నడపిన ఆసిడ్ టెస్టులను విందులలో వాయించినది. ఆ విందులలో ఎల్.ఎస్.డి. పంచెడివారు. అప్పటికి ఆ రాష్ట్రమున దానిపై నిషేధము లేదు. 1966 అక్టోబరులో వచ్చినది. బృందమునకు ధ్వనియంత్రములు సమకూర్చిన ఔస్లీ స్టాన్లీ స్వయముగా ఆ మందును తయారుచేసి కారాగారమునకు పోయినవాడు. ఇది చరిత్ర. దీనికి వారు చెల్లించిన మూల్యము కూడ చరిత్రయే. పిగ్‌పెన్ అను ముద్దుపేరు గల రాన్ మెక్‌కెర్నన్ మద్యపానముచే దేహము గుల్లయై 1973 లో ఇరువదియేడవ యేట మరణించెను. బ్రెంట్ మిడ్లండ్ 1990 లో మత్తుమందు అతిమాత్రమై పోయెను. బృందమునకు ప్రాణమైన జెర్రీ గార్షియా 1986 లో మధుమేహముచే స్పృహ తప్పి, కోలుకొని, మరల ఆ వ్యసనములలోనే పడి, 1995 ఆగస్టు 9 న చికిత్సాలయములోనే కన్నుమూసెను. ఆతని వయస్సు ఏబదిమూడు. నా కంటె చిన్నవాడు.

ఇంతవరకు పెద్దలతో నాకు పేచీ లేదు. కాని ఆ అభిమానులలోనే కొందరు 1980 దశకమున వార్ఫ్ ర్యాట్స్ అను పేరుతో ఒక కూటమిగా ఏర్పడి, మద్యమును, మత్తుమందును ముట్టకుండ పాట వినగోరువారికి తోడు నిలిచిరని ఎందరికి తెలియును? కచేరీ నడుమ విరామ సమయమున పసుపుపచ్చని బుడగలు కట్టిన చోట వారు కలిసికొని, ఒకరికొకరు ధైర్యము చెప్పుకొనెడివారు. వ్యసనము ముసిరిన చోటనే వ్యసనమునకు ఎదురు నిలుచుట సామాన్యమైన పనియా? ఇంకొక మాట. కచేరీలో టేపు పట్టువాడు తొంబది నిమిషముల కేసెట్టును నలుబదియైదు నిమిషములకొకసారి తిరగవేయవలెను. యంత్రము మీది ముల్లును కనిపెట్టుచుండవలెను. బ్యాటరీ అడుగంటుచున్నదేమో చూడవలెను. ప్రక్కవాడు కేక వేసినను తాను పెదవి విప్పరాదు. మత్తులో మునిగినవాడు నలుబదియైదవ నిమిషమున కేసెట్టు తిప్పగలడా? ఆ మూకలో మెలకువతో నున్నవాడు ఎవడైన నుండెనన్న, వాడు టేపు పట్టినవాడే.

వారు ఇంత శ్రమపడి పట్టినది దేనిని? ఇచ్చట కొంత ఆగి చెప్పవలసియున్నది. ఏలయన, ఈ సంగతి తెలియనిదే తక్కినది బోధపడదు. గ్రేట్‌ఫుల్ డెడ్ వారు ముప్పదియేండ్లలో రమారమి 2,300 కచేరీలు చేసిరి. ఏ రాత్రి ఏ పాటలు పాడవలెనో ముందుగా వ్రాసికొనెడివారు కారు. నిన్న పాడిన వరుసను నేడు పాడెడివారు కారు. ఒక పాట ముగియకుండగనే రెండవదానిలోనికి జారెడివారు. డార్క్ స్టార్ అను వారి పాటను చూడుడు. 1968 లో గ్రామఫోను పళ్లెముగా వచ్చినప్పుడు అది మూడు నిమిషములైనను లేదు. 1969 లో వెలువడిన లైవ్/డెడ్ అను సంపుటములో, వేదికపై వాయించినట్లు వాయించిన అదే పాట ఇరువదిమూడు నిమిషములకు పైగా సాగినది. పల్లవి ఎక్కడనో మిగిలిపోవును. గార్షియా గిటారు ఒక త్రోవ పట్టును. అధునాతన సంగీతరచన చదువుకొని వచ్చిన ఫిల్ లెష్ మంద్రస్థాయి గిటారుతో వేరొక త్రోవ పట్టును. ఇద్దరు డ్రమ్ములవారును నడుమ దారి వెదకుదురు. ఒకనాడు దారి దొరకును, ఒకనాడు దొరకదు. ఆ ఇద్దరిలో ఒకడగు మికీ హార్ట్ మన తబలా విద్వాంసుడు అల్లా రఖా వద్ద లయ నేర్చినవాడనియు, ఆయన కుమారుడు జాకిర్ హుస్సేన్‌తో కూడి 1976 లో దిగా అను సంపుటమును వెలువరించినవాడనియు మన పెద్దలకు తెలిసినచో, మొగము చిట్లించుట కొంత తగ్గునేమో.

మూడు నిమిషముల పళ్లెమునకును వేదికకును గల ఈ దూరము మనకు క్రొత్తదా? రాయబారపు పద్యము గ్రామఫోను పళ్లెమున ఎంత వచ్చెడిది? ఒక వైపు మూడు నిమిషములు, మరికొంత. రాగము ఎత్తుకొనుటతోడనే ముల్లు అంచునకు చేరెడిది. అదే పద్యమును తెల్లవారుజాము రెండు గంటలకు పందిరిలో కృష్ణవేషధారి ఎత్తుకొన్న, చివరి పాదము మీద నిలిచి హార్మోనియముతో పందెము వేసినట్లు రాగము తీసెడివాడు. జనము వన్స్‌మోర్ అని కేకలు వేసెడివారు. రెండవసారి పాడినప్పుడు అది మొదటి పద్యము కాదు. మాటలవే, దారి వేరు. ఈ రుచి ఎరిగిన మన తాతలు పొరుగూరి నాటకమునకు బండ్లు కట్టుకొని పోయి, చూచిన నాటకమునే మరల చూచి, నిన్నటి కృష్ణుడు మేలా, నేటి కృష్ణుడు మేలా యని ఇల్లు చేరువరకు వాదులాడుకొనెడివారు. ఒకే పాట కొరకు ఊరూరు తిరిగిన డెడ్‌హెడ్లను పిచ్చివారనువారు ముందుగా తమ తాతలను అనవలెను.

ఆ వాదులాట నేటికిని ఆగలేదు. గార్షియా పోయి మూడు దశాబ్దములు దాటినను, అభిమానులు ఇద్దరు కలిసినచో తేదీలతోనే మాటలాడుదురు. పాట పేరు చెప్పరు. 1977 మే 8 అందురు, అవతలివాడు తల ఊపును. ఆనాడు ఇథాకాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు బార్టన్ హాలులో కచేరీ జరిగినది. మే నెలలో మంచు కురిసిన రాత్రి. దానిని మించినది లేదని ఒక పక్షము. కాదు, 1970 ఫిబ్రవరిలో న్యూయార్కు ఫిల్మోర్ ఈస్ట్‌లో వాయించిన రాత్రులే శిఖరమని మరియొక పక్షము. 1974 వారు వేరు. వారు పాటకంటె ముందు ధ్వనిని గూర్చి చెప్పుదురు. ఆ సంవత్సరము బృందము వాల్ ఆఫ్ సౌండ్ అను ధ్వనిగోడను వేదిక వెనుక నిలబెట్టినది; దాని బరువు రమారమి 75 టన్నులు. ధ్వని చెదరకుండ దూరమున నున్న శ్రోతకును తేటగా చేరవలెనని ఆ ప్రయత్నము. ఖర్చు భరింపలేక ఆ యేడే విడిచిపెట్టి, ఊరూరి కచేరీలను కొంతకాలము నిలిపివేసిరి. శ్రోత చెవి కొరకు దివాలా అంచువరకు పోయినవారిని చూచి, నాలుగు వందల రూపాయలు మిగులునని పగిలిన లౌడుస్పీకరును పందిరికి కట్టించు మనము నవ్వుచున్నాము.

నా మతము అడిగినచో, 1972 ఆగస్టు 27 నాటి వెనీటా కచేరీకి ఓటు వేయుదును. ఆరిగన్ రాష్ట్రమున, మండుటెండలో, బయలులో జరిగినది. కీసీ కుటుంబమువారి పాలకేంద్రము అప్పులలో నుండగా దానిని ఆదుకొనుటకు చేసిన సహాయ కచేరీ అది. ఆ పాలకేంద్రపు పెరుగు డబ్బాలకు అంటించు చీటీల మీదనే టిక్కెట్లు అచ్చువేసిరి. ఎండకు గిటారు తంత్రులు శ్రుతి తప్పుచునే యుండెను. అయినను ఆనాటి డార్క్ స్టార్ అరగంట నడచినది. అట్టి అరగంటను నేను వేరొకచోట వినలేదు. కార్నెల్ పక్షమువారు నన్ను క్షమింతురు గాక.

అయితే కార్నెల్ కచేరీకి ఇంత కీర్తి ఎట్లు వచ్చినది? ఇది మన వాదమునకు ఆయువుపట్టు. ఆ రాత్రి బెట్టీ కాంటర్-జాక్సన్ అను ధ్వనినిపుణురాలు దానిని అతి తేటగా టేపునకెక్కించినది. 1980 దశకము నడుమ ఆమె కష్టములలో పడి, గోదాము అద్దె చెల్లింపలేక, అందులోని టేపులు వేలమునకు పోయినవి. కొన్నవారి చేతులనుండి నకళ్లు బయలుదేరి అభిమానులందరికిని చేరినవి. అందరి యింటను ఉన్నది కనుక అందరును దానిని గొప్పదనిరి. గొప్పదే, సందేహము లేదు. 2011 సంవత్సరపు జాబితాలో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు దానిని జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చిరి. 2017 లో గాని అది అధికారికముగా అంగడికి రాలేదు! అనగా, నలుబదియేండ్లు ఆ కచేరీని బ్రతికించినది కంపెనీ కాదు; ఇంటింట నకళ్లు తీసిన సామాన్యులు. ఆ 1977 లోనే అంతకంటె గొప్పగా వాయించి టేపు సరిగా పడని రాత్రి ఒకటి లేదని ఎవరు చెప్పగలరు? దానికి వాదించువాడు లేడు. పట్టనిపాట పాడని పాటతో సమానమైనది.

టేపు పట్టుటకు అనుమతి ఒక్క దినమున వచ్చినది కాదు. గార్షియా తాను కీర్తి పొందకమునుపు, 1964 లో, టేపు యంత్రము వెంటబెట్టుకొని బ్లూగ్రాస్ గాయకుల కచేరీలకు ఊరూరు తిరిగినవాడు. కనుక అట్టి పిచ్చి ఎట్టిదో ఎరుగును. ఐనను తొలినాళ్లలో బృందపు పనివారు శ్రోతల మైకుతీగలను కత్తిరించిన సందర్భములు కలవు. 1971 నాటికే టేపులు మార్చుకొను కూటములు బయలుదేరినవి; 1974 లో డెడ్ రెలిక్స్ అను చిన్న పత్రిక కేవలము ఈ మార్పిడి కొరకే పుట్టినది. చివరకు 1984 అక్టోబరులో బర్క్లీ కచేరీలతో, ధ్వనియంత్రపు బల్ల వెనుక టేపువారికని ప్రత్యేకముగా చోటు కేటాయించి, వారికి వేరుగా టిక్కెట్లు అమ్మిరి. మైకుల స్తంభములు ముందున్నవారి కంటికి అడ్డము వచ్చుచున్నవన్న తగవు దానితో తీరినది. నియమము ఒక్కటే: నకలు ఇచ్చుటకు లాభము తీసికొనరాదు. ఖాళీ కేసెట్టును, తపాలా బిళ్లలను పంపినవానికి నకలు తీసి పంపుట ఆచారమైనది. కేసెట్టు అట్టపై ఊరు, మందిరము, తేదీ, పాటల వరుస, ఎచ్చటినుండి పట్టినది, ఇది ఎన్నవ నకలు అన్న వివరములు వ్రాసెడివారు. 1987 లో డెడ్‌బేస్ అను గ్రంథమే వెలువడినది. ఏ ఊర, ఏ తేదీన, ఏ పాట తరువాత ఏ పాట పాడిరో అందులో చూడవచ్చును.

ఇన్‌వర్డు రిజిస్టరు, అవుట్‌వర్డు రిజిస్టరు వ్రాసి వ్రాసి వ్రేళ్లు కాయలు కాచినవాడను. నేను చెప్పుచున్నాను: ఆ జులపాలవారి రిజిస్టరు వంటి రిజిస్టరు మన ఏ సంఘములోను లేదు.

మన సంగతి చూడుడు. సంఘపు బీరువాలో పదునేడు కేసెట్లు కలవు. బూజు దులిపి స్వయముగా లెక్కించితిని. వానిలో తొమ్మిదింటిపై ఏమియు వ్రాయలేదు. ఒకదానిపై "నాటకము, 1988" అని యున్నది. ఏ నాటకము? ఏ ఊరివారు? హార్మోనియము ఎవరిది? ఇంకొకదానిపై "హరికథ, బాగున్నది" అని మాత్రమున్నది! బాగున్నదని వ్రాసిన మహానుభావుడు దాసుగారి పేరు వ్రాయుటకు తీరిక లేనివాడయ్యెనా? మూడు కేసెట్లలో టేపు ఒకదానికొకటి అంటుకొనిపోయినది. సంస్కృతీ పరిరక్షణ మన సంఘ నియమావళిలో మొదటి వాక్యము.

కార్యవర్గములో పెద్దలు చెప్పిన తక్కిన కారణములకు వత్తును. ఇంటియొద్దనే వినగలిగినచో పందిరికి ఎవరు వత్తురని ఒకరి ప్రశ్న. గ్రేట్‌ఫుల్ డెడ్ వారికి ఎవరు వచ్చిరో చూడుడు. టేపులు ఉచితముగా చేతులు మారిన ఆ కాలముననే వారి టిక్కెట్లకు ఎంత గిరాకీ పెరిగినదనగా, 1983 నుండి తామే తపాలా ద్వారా టిక్కెట్లు అమ్ము కార్యాలయము పెట్టుకొనిరి. అభిమానులు మనియార్డరును, వివరముల చీటీని కవరులో పెట్టి, ఆ కవరుపై రంగుల బొమ్మలు గీసి పంపెడివారు. 1990 దశకారంభమునకు అమెరికాలో అత్యధికముగా ఆదాయము వచ్చు సంగీతయాత్రలలో వారిది ఒకటి. పోనీ, అది బ్రతికియున్నప్పటి మాట అందురా? 2011 లో, 1972 నాటి ఐరోపా యాత్రలోని 22 కచేరీలను 73 పళ్లెములుగా ఒక పెట్టెలో పెట్టి 7,200 పెట్టెలు అమ్మకమునకు పెట్టగా, కొన్ని దినములలోనే చెల్లిపోయినవి. ఆ కచేరీలను ఏండ్ల తరబడి టేపులలో విన్నవారే కొన్నారు! 2024 ఫిబ్రవరిలో బిల్‌బోర్డు పట్టిక మొదటి నలుబది స్థానములలోనికి వారి 59 వ సంపుటము వచ్చినది. ఇంతవరకు ఏ గాయకునికిని లేని లెక్క అది. అందులో సగమునకు పైగా 2012 తరువాత వెలువడిన పాత కచేరీలే. వినిపించుటవలన వినువాడు పుట్టును. మన పందిరిలో కుర్చీలు ఖాళీగా నుండుటకు కారణము రికార్డులు కావు. ఇరువదియేండ్లలోపు పిల్లవాడు ఒక్క పద్యమైనను చెవినబడకుండ పెరుగుటయే.

తప్పులు బయటపడునని మరియొకరి భయము. పద్యము మరచినను, శ్రుతి జారినను అది శాశ్వతముగా నిలిచిపోవునట. నిలువనిండు! 1969 ఆగస్టు 16 న వుడ్‌స్టాక్ మహోత్సవమున గ్రేట్‌ఫుల్ డెడ్ వారు ఎంత నాసిగా వాయించిరో తామే చెప్పుకొనిరి. వాన, తడిసిన వేదిక, ముట్టుకొన్న షాకు కొట్టు యంత్రములు. ఆ టేపు నేటికిని ఉన్నది, ఎవరైనను వినవచ్చును. తుది సంవత్సరములలో గార్షియా పాటలో మాటలు మరచిన రాత్రులు అనేకము, అవియును ఉన్నవి. వానివలన ఆ బృందపు కీర్తికి వచ్చిన లోటు ఏమి? అభిమానులు ఆ రాత్రులను విని బాధపడుదురు, మరునాటి రాత్రిని వెదకుదురు. తప్పు పాడిన రాత్రి ప్రక్కనుండుటచేతనే ఒప్పు పాడిన రాత్రి విలువ తెలియును. మన నటులను అద్దాలబీరువాలో బొమ్మలుగా నిలిపి గౌరవించుచున్నామనుకొనుట పొరపాటు.

అభిమానుల తప్పులను కప్పిపుచ్చుట నా ఉద్దేశము కాదు. 1987 లో టచ్ ఆఫ్ గ్రే అను పాట అమెరికా పట్టికలో తొమ్మిదవ స్థానమునకెక్కినది మొదలు, పాటకంటె తిరునాళ్లపై మోజు గలవారు వేలకొలదిగా వచ్చిపడిరి. కచేరీ వెలుపల బండ్లు నిలుపు చోట తినుబండారములు, చొక్కాలు అమ్ముకొను సంత వెలసెడిది. అది ముచ్చటైన సంతయే. కాని టిక్కెట్టు లేనివారు అచ్చటనే పడియుండి లోనికి చొరబడజూచుట మొదలిడిరి. 1995 జూలై 2 న ఇండియానా రాష్ట్రపు డీర్ క్రీక్‌లో వేలమంది కంచె విరుగగొట్టి లోపలికి దూకిరి. మరునాటి కచేరీ రద్దయ్యెను. అభిమానులను మందలించుచు బృందమువారే బహిరంగలేఖ వ్రాయవలసివచ్చెను. ఆ నెల 9 న చికాగో సోల్జర్ ఫీల్డ్‌లో జరిగినదే గార్షియాతో వారి తుది కచేరీ. అభిమానమునకు హద్దు లేకపోయిన అభిమానపాత్రమునే త్రొక్కివేయునని దానివలన తేలినది. కాని గమనింపుడు: కంచె దూకినవారు టేపువారు కారు. వారికి చోటు, టిక్కెట్టు, నియమము ఉండెను. నియమమునకు లోబడి ప్రేమించుట ఎట్లో ఆ మూకకు చూపినవారు వారే.

2005 నవంబరులో వచ్చిన తగవు మరియొక రకమైనది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అను ఉచిత భాండారములో నుండిన కచేరీలను ఒక్కసారిగా తీసివేసిరి. అభిమానులు భగ్గుమనిరి, ఇకపై మీ సరుకు కొనమని విన్నపపత్రముపై సంతకములు చేసిరి. బృందసభ్యులలోనే భేదాభిప్రాయములు వచ్చినవి. కొద్దిదినములలో రాజీ కుదిరినది: శ్రోతలు తమ మైకులతో పట్టినవానిని ఎవరైనను దించుకొనవచ్చును; బృందపు ధ్వనిబల్లనుండి పట్టినవానిని అచ్చటనే వినవచ్చును, దించుకొనరాదు. నాకు ఈ తీర్పు సమంజసముగా తోచుచున్నది. బృందము సొంత తీగతో పట్టినది బృందపు సొత్తు; శ్రోత తన కూర్చున్న చోట, తన చెవికి వినబడినట్లు పట్టినది శ్రోతది. కళాకారుని జీవనోపాధికి భంగము రారాదని మన కార్యవర్గములో ఒకరు పలికినది న్యాయమైన మాట. ఆ ఒక్క మాటకు మాత్రము నేను తలవంచుదును. దానికి మందు నిషేధము కాదు, ఇట్టి ఏర్పాటే.

పరాయి రాష్ట్రమున స్థిరపడిన తెలుగువారికి ఈ సంగతి మరింత ముఖ్యము. మా గంజాము ప్రాంతము 1936 ఏప్రిల్ 1 న ఒరిస్సాలో చేరినది. నాలుగు తరములు గడచినవి. హైదరాబాదులో, విజయవాడలో పేరు మోసిన నటుల పద్యములు ఎవరో ఒకరు పట్టియుంచిరి. రేడియోవారు పట్టిరి, కంపెనీలు పట్టినవి. మా బరంపురపు వీథిలో పగలు బట్టలు కుట్టి రాత్రి దుర్యోధనుడు కట్టినవాని గొంతును ఎవరు పట్టుదురు? ఆతని పలుకుబడిలో మా ఊరి యాస కలదు. ఒడియా పొరుగువారు ముందు వరుసలో కూర్చుండి కొట్టిన చప్పట్లు కలవు. కోలారులోను, హోసూరులోను, షోలాపురములోను, యానాములోను ఇట్టివారు ఎందరుండిరో! ప్రభుత్వము మనకు పాఠశాల ఇవ్వలేదు, పంతులు నివ్వలేదు అని ప్రతి సంచికలోను వ్రాయుచున్నాము, వ్రాయవలసినదే. మన చేతిలో నున్న ఫోనుతో మన పందిరిలోని పద్యము పట్టుటకు ఏ ప్రభుత్వపు ఉత్తర్వు కావలెను?

ఆ యువకుని ప్రతిపాదనకు నేను చేర్చునది స్వల్పము. దాసుగారిని, నాటక సమాజమువారిని ముందుగా అడిగి వారి సమ్మతి వ్రాతమూలకముగా తీసికొనవలెను. పట్టినవాడు ఒక నకలు కళాకారునకు, ఒక నకలు సంఘమునకు ఇయ్యవలెను, అమ్మరాదు. తేదీ, తిథి, ఊరు, కథ పేరు, పాత్రధారులు, హార్మోనియము, తబలా, మైకుసెట్టువాడు, పట్టినవాడు కూర్చున్న చోటు, ఇవన్నియు ఒక రిజిస్టరులో వరుస సంఖ్యతో ఎక్కవలెను. ఆ రిజిస్టరు వ్రాయుటకు నేను జీతము లేకుండ సిద్ధముగా నున్నాను. "బాగున్నది" అను గడి అందులో ఉండదు. కూర్చుండుటకు చోటేదని అడుగనక్కరలేదు. పందిరిలో మైకుసెట్టు బల్ల వెనుక నాలుగు కుర్చీలు పట్టు చోటు ఏటేట ఖాళీగానే యుండును; ఇప్పుడు అచ్చట చెప్పులు విడుచుచున్నారు.